మాట పడిపోతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ఒక ఫిజీషియన్ గారి క్లినిక్కులో నర్సుని. మా ఓపీకి ఇటు కాశీనగర్ నుంచి, అటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచి కూడా వస్తారు. తెలుగువాళ్ళు చాలామంది. సుగరు, గుండె బలహీనత, కిడ్నీ, ఆయాసం కేసులే ఎక్కువ. జబ్బు ముదిరినవాళ్ళతో ముందుగానే మాట్లాడి, రేపు తాము చెప్పుకోలేని పరిస్థితి వస్తే ఏ వైద్యం కావాలో ఏది వద్దో రాయించి ఉంచుదామని మా డాక్టరు గారు అనుకున్నారు. ఫారాలు అచ్చు వేయించి నా చేతికిచ్చారు. గుండె జబ్బుతో వచ్చే 70 ఏళ్ళ ఒకావిడకి ఫారం చూపించి చెబుతుంటే, ఆవిడ కొడుకు లేచి, "మా అమ్మ తన కాళ్ళ మీద నడిచొచ్చింది. అప్పుడే కాగితాలు రాయించేసుకుంటారా?" అని అరిచాడు. ఓపీలో ఉన్నవాళ్ళందరూ మావైపే చూశారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి నాకు ఎవరి దగ్గరా నోరు పెగలడం లేదు. ఇది మనవాళ్ళతో అయ్యే పనేనా? ఎవరితో, ఎప్పుడు, ఏమని మొదలుపెట్టాలి? చట్టం ఒప్పుకుంటుందా? మా రోగులు చివరికి విశాఖే వెళతారు. ఇక్కడ రాసింది అక్కడ చెల్లుతుందా?
— ఒక నర్సు, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం:

అమ్మా,

ముందు ఆ పెద్దావిడ సంగతి చూద్దాం. గుండె బలహీనత ఉన్న మనిషి క్లినిక్కుకి రావడం మానేసిందంటే, నీరు తీసే మాత్ర అయిపోయి ఉండొచ్చు, కాళ్ళు వాచి ఉండొచ్చు. ఈ ఉత్తరం చదవగానే ఆ ఇంటికి ఫోను చేయండి. ఫారం మాట ఎత్తకండి. "అమ్మగారికి ఎలా ఉంది? మందులు ఉన్నాయా? రాత్రిళ్ళు పడుకోగలుగుతున్నారా?" అని అడగండి. అబ్బాయి ఇంకా కోపంగా ఉంటే, "ఆ రోజు నేను హడావుడిగా చెప్పాను, మీకు బాధ కలిగింది, ఏమనుకోకండి" అనండి. ఆవిడ వైద్యం ఆగకూడదు. మిగతావన్నీ తర్వాత.

ఆ కొడుకు చెడ్డవాడు కాడు. అతనికి మీ ఫారంలో వేరే సంగతి కనిపించింది. మన ప్రాంతంలో సంతకం పెట్టమన్నా వేలిముద్ర వేయమన్నా ముందు అనుమానమే వస్తుంది. వేలిముద్రతో పొలం పోయిన కథలు కొండ మీద గూడేల్లోనూ, కింద ఊళ్ళలోనూ వింటూనే ఉంటాం. ఇక ఆసుపత్రిలో సంతకమంటే మనవాళ్ళకి తెలిసింది ఒక్కటే, ‘ఏం జరిగినా మాది పూచీ కాదు’ అని రాయించుకునే కాగితం. మీరు ఫారం తీయగానే అతనికి వినిపించింది, ‘మీ అమ్మ పని అయిపోయింది, మా మీదికి రాకుండా రాసివ్వండి’ అని. ఎవరికైనా గుండె మండుతుంది.

అందుకే నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఈ విషయం మాట్లాడిన రోజున సంతకం అడగకండి. రోగి తానుగా అడిగినా, "ఇంటికెళ్ళి మాట్లాడుకోండి, వచ్చేసారి చూద్దాం" అనండి. ఫారాలు మీ బల్ల మీద కాకుండా డాక్టరు గారి సొరుగులో ఉండాలి.

మరి మీ చేతిలో ఏముండాలి? ఒక ప్రశ్న చాలు. "మీకు ఒంట్లో బాగా లేక మాట రాని పరిస్థితి వస్తే, మేం ఎవరిని అడగమంటారు?" దీనికి ఎవరూ కోపగించుకోరు. ఇందులో చావు మాట లేదు, కాగితం లేదు. అడిగినవాళ్ళు తనని మనిషిగా లెక్కచేస్తున్నారని వినేవాళ్ళకి అర్థమవుతుంది. జవాబుగా ఒక పేరు వస్తుంది. ఆ పేరు, ఫోను నంబరు ఓపీ పుస్తకం మొదటి పేజీలో రాయండి. ఆ రోజుకి అంతే. ఇంకేమీ చేయకపోయినా, ఆ ఒక్క వరుస రేపు ఒక కుటుంబాన్ని కాపాడుతుంది.

ఎలాగంటారా? ఇప్పుడు జరుగుతున్నది చూడండి. రాత్రిపూట ఆయాసం ఎక్కువవుతుంది. అంబులెన్సులో శ్రీకాకుళమో విశాఖో పరుగు. అక్కడ ఎన్నడూ చూడని డ్యూటీ డాక్టరు ఐసీయూ తలుపు దగ్గర నిలబడి, "వెంటిలేటర్ పెట్టాలి, ఏమంటారు?" అని అడుగుతాడు. నిమిషాల్లో తేల్చి చెప్పాలి. అన్న పెట్టమంటాడు, తమ్ముడు నోరు విప్పడు, కూతురు సూరత్ నుంచో హైదరాబాద్ నుంచో ఫోనులో ఏడుస్తూ ఉంటుంది. లోపల ఉన్న మనిషికి ఏది ఇష్టమో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ ఏనాడూ అడగలేదు. కొన్నాళ్ళకి డబ్బు అయిపోతుంది, ఆశ అయిపోతుంది. "ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి" అంటారు. గొంతులో గొట్టంతో, పక్కన ఒకరు గాలి సంచి నొక్కుతుండగా, మళ్ళీ ఆ దారంతా వెనక్కి. ఊరి గుమ్మం చేరకముందే ప్రాణం పోయిన వాళ్ళని మీరూ చూసే ఉంటారు. అలా వచ్చేటప్పుడు నొప్పికి మందు ఉండదు, ఆయాసానికి ఉపశమనం ఉండదు. బతికున్న పిల్లలకి మాత్రం, ‘తప్పు చేశామా’ అన్నది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

ఆ తలుపు దగ్గర అడగాల్సిన ప్రశ్నలు కావివి. మనిషి కుర్చీలో కూర్చుని, టీ తాగి, మీతో కబుర్లు చెప్పగలిగినప్పుడు అడగాల్సినవి. అందుకే దీనికి సరైన చోటు ఓపీ. మీ డాక్టరు గారి ఆలోచన నూటికి నూరుపాళ్ళు సరైనది.

బరంపురంలో నా ఓపీకి వచ్చే ఒక మామ్మగారి సంగతి చెబుతాను. కట్టెల పొయ్యి పొగలో బతుకంతా గడిపిన మనిషి, ఊపిరితిత్తులు పాడయ్యాయి. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి అంకె నిలబడేదాకా ఆగాం. కొడుకు బయట మందుల చీటీ కోసం నిలబడ్డాడు. అప్పుడడిగాను, "మామ్మా, ఎప్పుడైనా ఆయాసం ఎక్కువై మీకు మాట రాకపోతే నేనెవరిని అడగమంటారు?" అని. ఆవిడ తలుపు వైపు ఓసారి చూసింది.

"సిన్నదాన్ని అడగండి బాబూ. ఇచ్చాపురం ఇచ్చాం దాన్ని."

"పెద్దబ్బాయి ఉన్నాడు కదా?"

"ఆడు మంచోడే. కంగారు మనిషి. నాకేటైనా అయితే ఆడు ఏడుత్తాడు గానీ ఆలోచించలేడు. ఆ పిల్లయితే నా మాట ఇంటాది."

కొడుకు లోపలికి వచ్చాక ఆవిడే ఆ మాట మళ్ళీ చెప్పింది, నా చేత చెప్పించలేదు. అతను కాసేపు ఊరుకుని, "మరి నేనేం చెయ్యాలమ్మా?" అన్నాడు. "నువ్వు నన్ను ఇంటికి తీసుకుపో" అంది. ఇద్దరు పిల్లలకీ పని పంచేసింది. చెల్లెలు డాక్టరుతో మాట్లాడాలి, అన్న అమ్మని ఇల్లు చేర్చాలి.

ఇందులో మీరు పట్టుకోవలసింది ఒకటుంది. ఆడవాళ్ళని ఒంటరిగా అడగాలి. భర్తో కొడుకో పక్కనుంటే మన ఆడవాళ్ళు, "ఆయన ఎలా అంటే అలా" అనేస్తారు. బీపీ చూసేటప్పుడు, బరువు తూచేటప్పుడు ఆ కాస్త ఏకాంతం మీకు దొరుకుతుంది, డాక్టరుకి దొరకదు. అందుకే ఈ పని మొదలుపెట్టడానికి మీరే తగినవారని నా నమ్మకం. అయితే ఆవిడ చెప్పింది ఆ గదిలోనే ఉండిపోకూడదు. "ఇది పిల్లలకి చెప్పారా? నేను చెప్పనా, మీరు చెబుతారా?" అని అడిగి, ఆవిడ ఒప్పుకుంటే ఇంటివాళ్ళ ముందు ఆవిడ చేతే చెప్పించాలి. పేరు రాసుకున్న మనిషికే ఆ సంగతి తెలియకపోతే ఆ పేరు వల్ల లాభం లేదు. పిల్లలు దూరాన ఉంటే వీడియో కాల్ చేయించండి. సంక్రాంతికి అందరూ ఇంటికొస్తారు కదా, పండగ వెళ్ళిన మర్నాడు కూర్చుని మాట్లాడుకోమనండి.

తర్వాతి విజిట్లలో మిగతావి ఒక్కొక్కటిగా. "మీ జబ్బు గురించి డాక్టరు గారు ఏం చెప్పారు? మీకేం అర్థమైంది?" ఇది తప్పక అడగండి. డయాలసిస్ మొదలైనవాళ్ళలో కూడా, కిడ్నీలు మళ్ళీ పనిచేస్తాయని ఎదురుచూసేవాళ్ళు ఉంటారు. ఆ తర్వాత, "మీకు ఇప్పుడు ఏది ముఖ్యం? దేనికి భయంగా ఉంది?" అనండి. మనవరాలి పెళ్ళి చూడాలని ఒకరంటారు, ఊపిరాడక పోతానేమోనని ఒకరు. పక్కమీదే అన్నీ అయ్యే బతుకు వద్దని ఇంకొకరు. ఆ జవాబులు వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ యాసలోనే రాసుకోండి. ‘సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి నడిపించే ప్రయత్నం) వద్దు’ అని రాసిన దానికంటే, ‘మనవరాలి పెళ్ళి దాకా ఏం చేసినా సరే, తర్వాత నన్ను ఒగ్గేయండి’ అని రాసింది చూసి డాక్టరు ఎక్కువ తెలుసుకోగలడు.

"అశుభం పలక్కండి, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో వాదించకండి. మంగళవారం, శుక్రవారం ఈ ప్రస్తావన తేకండి. "మీరు బాగుండాలనే కదమ్మా ఇన్ని మందులు. మీ మాట నాకు వినపడని రోజు వస్తే, తెలియక మీకు ఇష్టంలేని పని చేయకూడదని అడుగుతున్నాను" అనండి. ఇప్పుడు వద్దన్నవాళ్ళని వదిలేయండి. వద్దనే హక్కు కూడా వాళ్ళదే. నిజానికి మన పెద్దవాళ్ళకి ఈ ఊసు కొత్త కాదు. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే వెళ్ళిపోవాలి, ఒకరి చేత చేయించుకోకూడదు" అనే మాట వినని ఇల్లు ఉంటుందా? వాళ్ళు చెబుతూనే ఉంటారు, మనమే "ఊరుకో అమ్మా" అని నోరు మూయిస్తాం.

ఇలాంటివి మాట్లాడితే రోగి గుండె జారిపోయి త్వరగా పోతాడన్న భయం డాక్టర్లలోనూ ఉంది. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు, ఊపిరితిత్తుల క్యాన్సర్ శరీరమంతా పాకినట్టు అప్పుడే తేలిన 151 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మామూలు క్యాన్సర్ వైద్యం. రెండో జట్టుకి ఆ వైద్యంతో పాటు మొదటినుంచీ ఓపీలోనే పాలియేటివ్ కేర్, అంటే బాధ తగ్గించడం, జబ్బు గురించి, రాబోయే రోజుల గురించి మాట్లాడటం. ఈ రెండో జట్టువాళ్ళు చివరి రోజుల్లో పెద్ద పెద్ద వైద్యాలు తక్కువగా తీసుకున్నారు. అయినా వాళ్ళ బతుకు కాలం మధ్యస్థంగా 11.6 నెలలు ఉంది, మొదటి జట్టుది 8.9 నెలలు. నిలకడగా మాట్లాడినందువల్ల వాళ్ళ ఆయుష్షు తరిగిపోలేదన్నది మాత్రం స్పష్టం. కుటుంబాల సంగతి కూడా అదే ఏడాది ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రిలో చేరిన 80 ఏళ్ళు, ఆపైబడిన 309 మందిపై చేసిన అధ్యయనం అది. అందులో చనిపోయినవాళ్ళని చూస్తే, ముందుగా ఇలా మాట్లాడినవాళ్ళలో 86 శాతం మంది కోరిక ఏమిటో తెలిసింది, అదే జరిగింది. మాట్లాడనివాళ్ళలో అది 30 శాతమే. పోయినవాళ్ళ ఇళ్ళల్లో దిగులు, ఆందోళన కూడా మాట్లాడిన జట్టులో తక్కువ.

ఇప్పుడు నాకు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాలనిపించే విషయం. మీరు అడగ్గానే చాలామంది, "నాకేం వద్దమ్మా, పిల్లలకి బరువు కాకూడదు. నాకోసం పొలం అమ్మొద్దు" అంటారు. దీన్ని ‘వైద్యం వద్దన్నారు’ అని రాసుకుంటే ఘోరం చేసినట్టే. ఆ మాట వెనక మూడు నాలుగు సంగతులు ఉండొచ్చు. నిజంగానే చాలనుకోవడం ఒకటి. డబ్బు భయం ఒకటి. కోడలు విసుక్కున్న రోజు ఒకటి. లోపల ముసురుకున్న దిగులు జబ్బు ఒకటి. అప్పుడు మళ్ళీ అడగండి, "డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఖర్చేమీ లేదనుకోండి. అప్పుడు ఏం కావాలంటారు?" అని. జవాబు మారిందంటే, అక్కడ కావలసింది ఆరోగ్య కార్డు, ప్రభుత్వ ఆసుపత్రి దారి, సామాజిక కార్యకర్త. దిగులు అనిపిస్తే, నిద్ర, ఆకలి అడిగి డాక్టరు గారికి చెప్పండి. దిగులుకి మందు ఉంది, తగ్గాక మనిషి మాట మారుతుంది. ఈ ముందస్తు మాటలు పేదవాళ్ళని వైద్యం నుంచి మెల్లగా తప్పించే దారి కాకూడదు. అందుకని మీ క్లినిక్కులో ఒక నియమం పెట్టుకోండి. బిల్లు మాట, ఈ మాట ఒకే రోజు, ఒకే మనిషి నోట రాకూడదు.

ఎవరితో మొదలుపెట్టాలన్నారు. ఓపీకి వచ్చే ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టలేరు, అక్కర్లేదు. ‘ఎవరిని అడగాలి’ అన్న ఒక్క ప్రశ్న మాత్రం 60 దాటిన అందరినీ, దీర్ఘకాలం జబ్బున్న అందరినీ అడగొచ్చు. లోతైన మాటలకి మనుషులని డాక్టరు గారు ఎంచాలి. పాలియేటివ్ వైద్యులు తమని తాము వేసుకునే ప్రశ్న ఒకటుంది: ‘ఈ రోగి ఏడాదిలోగా పోతే నాకు ఆశ్చర్యం కలుగుతుందా?’ కలగదనిపిస్తే ఆ ఫైలు పక్కకు తీయాలి. గుండెకో ఊపిరికో మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరి వచ్చేవాళ్ళు, డయాలసిస్ మొదలుపెట్టబోతున్నవాళ్ళు, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ళు. వీళ్ళందరికంటే ముందు మతిమరుపు జబ్బు మొదలవుతున్నవాళ్ళు. వాళ్ళకి గడువు తక్కువ. కొన్నాళ్ళు పోతే మనిషి ఎదురుగానే ఉంటాడు, అడిగినా చెప్పలేడు.

మీ హద్దు కూడా తెలుసుకోండి. ఎన్నాళ్ళు బతుకుతారు, జబ్బు ఎటు పోతోంది అన్న మాటలు మీరు చెప్పొద్దు. అడిగితే, "డాక్టరు గారు కూర్చుని చెబుతారు" అనండి. అలా కూర్చునే సమయం వారానికి ఒక పూటైనా డాక్టరు గారు కేటాయించాలి. టోకెన్లు పిలుస్తూ, మధ్యలో మెడికల్ రెప్‌ని చూస్తూ ఈ మాట చెప్పకూడదు. ఈ వరుస ఆయనకి చూపించండి.

ఇక చట్టం. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. మనిషి స్పృహలో ఉన్నప్పుడే ‘లివింగ్ విల్’, అంటే రేపు చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో ఏది వద్దో చెప్పే కాగితం, రాసుకోవచ్చంది. అప్పట్లో దానికి మేజిస్ట్రేట్ సంతకం కావలసి రావడంతో ఎవరూ ఆ గడప ఎక్కలేకపోయారు. 2023 జనవరి 24న కోర్టే దాన్ని సడలించింది. ఇప్పుడు మేజరై, మతి స్థిమితంగా ఉన్నవాళ్ళు ఎవరైనా, ఎవరి బలవంతమూ లేకుండా, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. సాక్షులు ఇంటివాళ్ళు కాకుండా బయటివాళ్ళయితే మేలు. తాను చెప్పలేని స్థితి వస్తే తన తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళ పేర్లు అందులో ఉండాలి. ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. మామ్మగారు చెప్పిన చిన్నకూతురి పేరు చేరేది అక్కడే. ఒక ప్రతి మున్సిపాలిటీ లేదా పంచాయతీలో దీనికి బాధ్యుడైన అధికారికి, ఒకటి కుటుంబ డాక్టరుకి, ఒకటి ఆ పేరున్న మనిషికి. ఆఫీసు గుమాస్తాకి ఇదేమిటో తెలియకపోతే విసుక్కోకుండా, ఇచ్చినట్టు రసీదు మాత్రం రాయించుకోండి.

ఇది ఆస్తి వీలునామా కాదని మొదటి వాక్యంలోనే చెప్పండి, లేకపోతే అన్నదమ్ములు వేరే లెక్కలు వేసుకుంటారు. ఇంజెక్షన్ ఇచ్చి చంపేయమని అడిగే కాగితం కూడా కాదు, మన దేశంలో అది నేరమే. నొప్పి, ఆయాసం తగ్గించే వైద్యం చివరిదాకా ఆగదు. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, మళ్ళీ రాసుకోవచ్చు. ఈ కాగితం అమల్లోకి వచ్చేది కూడా, కోలుకునే ఆశ లేని జబ్బులో ఉండి, తన మాట తాను చెప్పలేనప్పుడే. అప్పుడు కూడా ఒక్క డాక్టరు తేల్చేయడు. ఆసుపత్రిలోని ప్రాథమిక బోర్డులో వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం 5 ఏళ్ళ అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. దానిపైన జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన డాక్టరుతో రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. కాగితంలో పేరున్న మనిషి ఒప్పుకోవాలి. అమలు చేసేముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. ఇన్ని తలుపులు ఉన్నాయని ఆ కొడుకులాంటి వాళ్ళకి చెప్పండి, సగం భయం పోతుంది.

విశాఖలో చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు దేశమంతటికీ ఒకటే. రాసింది ఒడిశాలో అయినా, బోర్డులు కూర్చునేది, మేజిస్ట్రేటుకి కబురు వెళ్ళేది రోగి ఉన్న ఆసుపత్రి తరఫునే. చిక్కల్లా భాషతోనూ, అందుబాటుతోనూ వస్తుంది. పర్లాకిమిడిలో నోటరీ దగ్గర ఒడియాలో రాయించిన కాగితం విశాఖ ఐసీయూలో చదివేవాళ్ళు దొరక్కపోవచ్చు. ఆసుపత్రి కోసం ఇంగ్లీషులో, మనిషికి అర్థమవడానికి తెలుగులో రాయించండి. చదువురానివాళ్ళకి తెలుగు ప్రతి పైకి చదివి వినిపించి, విన్నారని సాక్షుల చేత రాయించండి. మన తరం పిల్లలు ఒడియా బడిలో చదివి తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, అందుకని చదివే పని మీరే పెట్టుకోండి. ఒక ప్రతి రిపోర్టుల కవరులో అన్నిటికంటే పైన ఉండాలి, ఒక ఫొటో పిల్లల ఫోన్లలో ఉండాలి. బీరువాలో పొలం పట్టాల కింద దాచేస్తే ఆ రాత్రి దొరకదు.

కాగితం అయిపోయింది కదా అని మాత్రం ఊరుకోవద్దు. 2021లో అమెరికా వైద్య పత్రిక జామాలో, పాలియేటివ్ వైద్యంలో అనుభవమున్న ముగ్గురు నిపుణులే, ఇన్నేళ్ళుగా ఫారాలు నింపించినా చివరి రోజుల వైద్యం అనుకున్నంత మారలేదని రాశారు. ఎప్పుడో ఊహించి రాసిన జవాబు, తీరా ఆ రోజు వచ్చాక సరిపోకపోవచ్చు. ఆ మాట నాకు సబబుగానే అనిపిస్తుంది. వెంటిలేటర్ వద్దన్న మనిషి, న్యుమోనియా తగ్గేదాకా నాలుగు రోజులు పెడితే లేచి కూర్చునే సందర్భమూ ఉంటుంది. అందుకే నేను పేరు మీద అంత పట్టు పడుతున్నాను. కాగితం ప్రశ్నలు అడగలేదు, చిన్నకూతురు అడుగుతుంది. ఆసుపత్రిలో చేరి వచ్చిన ప్రతిసారీ, లేదా ఆరు నెలలకోసారి, "అప్పుడు అలా అన్నారు, ఇప్పుడూ అదేనా?" అని అడిగి తేదీ వేయండి.

"మా ఇంట్లోనే పోవాలి" అన్న మాట మీకు అందరికంటే ఎక్కువగా వినిపిస్తుంది. రాసుకుంటే సరిపోదు, అది జరిగేలా చూడాలి. ఇంట్లో ఆయాసం, నొప్పి తట్టుకోవడానికి మార్ఫిన్ మాత్రలు కావాలి. అవి మామూలు మందుల షాపులో సాధారణంగా దొరకవు, గుర్తింపు పొందిన వైద్యసంస్థల్లో దొరుకుతాయి. 2014లో చట్టం మార్చి ఆ సంస్థలకి అనుమతి సులువు చేశారు. బరంపురం మెడికల్ కాలేజీలోనో, విశాఖ క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఎక్కడ అందుతాయో ఇప్పుడే కనుక్కుని ఉంచండి, అవసరం పడ్డాక వెతికితే ఆలస్యమైపోతుంది. మీ ఆశా కార్యకర్తలకి ఆ ఇళ్ళు తెలియాలి. పక్క తిప్పడం, నోరు తుడవడం, మూత్రం గొట్టం చూసుకోవడం ఇంటివాళ్ళకి మీరు చేసి చూపించండి.

చివరిగా మీ డాక్టరు గారితో తేల్చుకోవలసింది ఒకటుంది. రాత్రి 11 గంటలకి విశాఖ నుంచి డ్యూటీ డాక్టరు ఫోను చేసి, "ఈ ఫైలులో మీ క్లినిక్కు పేరుంది, ఈవిడ గతంలో ఏమన్నారు?" అని అడిగితే ఎత్తేది ఎవరు? డాక్టరు గారా, మీరా, ఇద్దరూ వంతులవారీగానా? తేలాక ఆ నంబరు కొత్త ఓపీ పుస్తకాల అట్ట మీద అచ్చు వేయించండి.